ఆరుబయట నాటకం, చేతిలో సర్వపిండి: వేసవి సాయంత్రాల్లో చిన్నపిల్లలతో

వేసవి సెలవుల్లో సాయంత్రం ఐదు దాటాక, ఎండ గోడల మీది నుంచి దిగిపోయినా వేడి మాత్రం ఇల్లు వదలని వేళ, చిన్నపిల్లలున్న ఇంట్లో పెద్దవాళ్లకు ఏమీ తోచదు. టీవీ ముందు కూర్చోబెట్టడానికి మనసొప్పదు, మాల్‌కు తీసుకువెళితే జేబుకు చిల్లు పడుతుంది. మా ఇంట్లో ఈ చిక్కుకు దొరికిన జవాబు ఆరుబయట ఆడే నాటకం. మా పెద్దవాడికి ఏడేళ్లు, చిన్నదానికి నాలుగు నిండి ఐదు వస్తోంది. వీళ్లిద్దరినీ వెంటబెట్టుకుని మూడు వేసవులుగా హైదరాబాద్‌లోని బహిరంగ రంగస్థలాలకు వెళుతున్నాము. మొదటి ఏడాది చేసినవి దాదాపు అన్నీ తప్పులే. పిల్లలు నాటకం మధ్యలో ‘ఇంటికి పోదాం’ అని మారాం చేసేది కథ నచ్చక కాదని, ఆకలో, దాహమో, కింద కాలే బండో, దగ్గరలో మోగే స్పీకరో వాళ్లను కుదురుగా కూర్చోనివ్వకనే అని ఆ తప్పులే నేర్పాయి. అందువల్ల ఇక్కడ నాటకం గురించి ఎంత రాస్తున్నానో వంటింటి గురించి అంతకన్నా కొంచెం ఎక్కువే రాస్తున్నాను.

ఎక్కడికి, ఏ నాటకానికి

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని లలిత కళాతోరణం నగరంలో పాతకాలం నుంచి పేరున్న ఆరుబయటి వేదిక. ఒకప్పుడు బాగే ఆమ్ అని పిలిచిన ఆ తోటలోనే జవహర్ బాలభవన్, పురావస్తు ప్రదర్శనశాల కూడా ఉన్నందువల్ల, ఒక గంట ముందే చేరుకుని పిల్లలను పచ్చిక మీద పరిగెత్తనిస్తే వాళ్ల కాళ్లలోని తొందర తీరిపోతుంది. మాదాపూర్ శిల్పారామంలోని ఆరుబయటి రంగస్థలంలో నాటకాల కన్నా నృత్య ప్రదర్శనలు ఎక్కువగా జరుగుతాయి. మూడు నాలుగేళ్ల పిల్లలకు అవే మొదటి మెట్టుగా సరిపోతాయి, ఎందుకంటే మాట అర్థం కాకపోయినా గజ్జెల చప్పుడు, రంగురంగుల ఆహార్యం వాళ్లను కూర్చోబెడతాయి. గోల్కొండ దగ్గర ఇబ్రహీంబాగ్‌లోని తారామతి బారాదరిలో కూడా మెట్ల వరుసలున్న బహిరంగ వేదిక ఉంది. పన్నెండు వాకిళ్ల మంటపం కాబట్టి బారాదరి అయిందని చెబితే పిల్లలు వాకిళ్లు లెక్కపెట్టే పనిలో పడతారు, ఒక పావుగంట మనకు కలిసివస్తుంది. బంజారాహిల్స్‌లోని లామకాన్ 2010 నుంచి నడుస్తున్న చిన్న ప్రాంగణం. అక్కడి నాటకాల్లో పెద్దల విషయాలే ఎక్కువ కాబట్టి పిల్లలను తీసుకువెళ్లే ముందు ఇతివృత్తం ఏమిటో అడిగి తెలుసుకోవాలి.

ఏ నాటకమని అడిగితే, పిల్లల విషయంలో నా ఓటు ఎప్పుడూ సురభికే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు నేతృత్వంలో ‘కీచక వధ’తో మొదలైన ఈ నాటక కుటుంబం, తరం తర్వాత తరం అదే పనిగా రంగస్థలం మీదే బతికింది. ఆ కుటుంబాల్లో కొన్ని ఇప్పుడు మన లింగంపల్లిలోని సురభి కాలనీలో ఉంటున్నాయి. వాళ్ల ‘మాయాబజార్’లో నారదుడు పైనుంచి దిగి వస్తాడు, బాణాలు గాలిలో ఎదురెదురుగా వచ్చి ఢీకొని నిప్పురవ్వలు చిమ్ముతాయి, పరదా లేచిన ప్రతిసారీ మరో లోకం కనిపిస్తుంది. కంప్యూటర్ బొమ్మలు చూసి పెరిగిన పిల్లవాడు, తన కళ్ల ముందు ఒక మనిషి నిజంగా గాలిలో వేలాడుతుంటే నోరు తెరుచుకుని చూస్తాడు. సినిమాలో ఎంత గొప్ప మాయ చూపించినా ఆ నోరు అంత తెరుచుకోవడం నేను చూడలేదు.

జానపద కళారూపాల ప్రదర్శన ఎక్కడైనా ఉంటే దానినీ వదులుకోవద్దు. ఒగ్గుకథలో డోలు మోగగానే పిల్లలు లేచి నిలబడతారు, వాళ్లను కూర్చోమని అనవలసిన అవసరం అక్కడ ఉండదు. బుర్రకథలో కథకుడికి ఇరువైపులా ఉండే వంతల్లో హాస్యం చెప్పేవారు పిల్లలకు ఇట్టే దగ్గరవుతారు, ‘తందాన తాన’ను రెండో చరణానికల్లా పిల్లలే అందుకుంటారు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క వచ్చినప్పుడు నవ్వులకు కొదవ ఉండదు. కాకపోతే ఆ హాస్యం ఒక్కోసారి మోటుగా ఉంటుంది, ‘అంటే ఏమిటి నాన్నా?’ అన్న ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకుని వెళ్లాలి. ఏప్రిల్ 16న, కందుకూరి వీరేశలింగం జయంతిని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటారు కాబట్టి ఆ వారంలో పత్రికల్లోని ‘నగరంలో నేడు’ వంటి శీర్షికలను కాస్త శ్రద్ధగా చూస్తే మేలు.

వెళ్లే ముందు నిర్వాహకులకు ఫోన్ చేసి నాలుగు సంగతులు తప్పకుండా అడగాలి. నాటకం మొత్తం ఎంతసేపు, మధ్యలో విరామం ఉందా, పొగ, టపాసుల వంటి పెద్ద చప్పుళ్లు ఉన్నాయా, ఇంటి నుంచి తెచ్చుకున్న తినుబండారాలను లోపలికి రానిస్తారా. నాలుగో ప్రశ్న మరిచిపోయి ఒకసారి పెద్ద సంచీడు తిండిని గేటు దగ్గరే, ప్రహరీ గోడ పక్కన నిలబడి తినవలసి వచ్చింది. ఐదేళ్లలోపు పిల్లలకు గంట, గంటంబావు దాటిన నాటకం బరువే అవుతుంది. అయినా వెళ్లాలనిపిస్తే విరామం వరకే చూసి వచ్చేస్తామని ముందే మనసులో అనుకుని వెళ్లడం మంచిది. సగం నాటకం చూసి సంతోషంగా వచ్చిన పిల్లవాడు మళ్లీ వస్తానంటాడు.

కథను ముందుగా చెప్పడం

కథ తెలిస్తే ఆసక్తి పోతుందన్నది పెద్దల లెక్క. పిల్లల లెక్క వేరు. తమకు తెలిసిన కథ రంగస్థలం మీద జరుగుతుంటే వాళ్లు పక్కవాళ్లకు వ్యాఖ్యానం చెప్పేంత హుషారుగా ఉంటారు. కాబట్టి రెండు మూడు రోజుల ముందు నుంచి, అన్నం తినిపించేటప్పుడో నిద్రపుచ్చేటప్పుడో కథను ముక్కలు ముక్కలుగా చెప్పాలి. పాత్రలు ఎక్కువగా ఉంటే అందరినీ చెప్పనవసరం లేదు. శశిరేఖ ఎవరు, అభిమన్యుడు ఎవరు, ఘటోత్కచుడు ఎవరి పక్షం అన్న మూడు సంగతులు తెలిస్తే ‘మాయాబజార్’ మొత్తం అర్థమవుతుంది. ఎవరు ఏ వేషంలో వస్తారో, గదను బట్టి, కిరీటాన్ని బట్టి ఎలా గుర్తుపట్టాలో చెబితే వాళ్లు రంగస్థలాన్ని గాలిస్తూ కూర్చుంటారు.

పద్యం గురించి కూడా ఒక మాట చెప్పి ఉంచాలి. నటుడు మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్కసారిగా రాగం అందుకుని పావు నిమిషం సాగదీస్తే, అలవాటు లేని పిల్లలకు అది వింతగా ఉంటుంది. ‘ఆయనకు కోపం ఎక్కువైనప్పుడు మాటలు చాలక పాడతాడు’ అని మా చిన్నదానికి నేను చెప్పిన వివరణ పండితులకు నచ్చకపోవచ్చు గాని పని మాత్రం చేసింది. ప్రేక్షకుల్లోంచి ఎవరో ‘వన్స్‌మోర్’ అని అరవడం, నటుడు అదే పద్యాన్ని మళ్లీ ఎత్తుకోవడం చూసి మా వాడు, ‘తప్పు పాడాడా, మళ్లీ పాడించారు?’ అని అడిగాడు. బడిలో మళ్లీ చెప్పించడమంటే వాడికి తెలిసిన అర్థం అదే మరి.

ఆహ్వానపత్రంలోని ఆరు గంటలు

మన ఊళ్లో సభ ఆరు గంటలకని ఉంటే నాటకం ఏడుకు ముందు మొదలుకాదని తెలిసి ఉండాలి. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి రాక కోసం ఎదురుచూపు, శాలువాలు, జ్ఞాపికలు, ‘రెండే రెండు మాటలు’ అంటూ ఇరవై నిమిషాలు మాట్లాడే వక్తలు, ఇవన్నీ అయ్యాక పరదా లేస్తుంది. పెద్దలకే ఓపిక నశించే ఆ గంట పిల్లలకు పరీక్ష. ఆలస్యంగా వెళదామంటే మంచి చోటు దొరకదు. దీనికి నేను కనుక్కున్న ఉపాయం, ఆ ప్రసంగాల సమయాన్నే పిల్లల చిరుతిండి సమయంగా పెట్టుకోవడం. వెలుతురు ఉంటుంది, చప్పుడైనా ఎవరూ ఏమీ అనుకోరు, నాటకం మొదలయ్యేసరికి కడుపులు నిండి ఉంటాయి.

మే నెలలో మన దగ్గర సూర్యుడు అస్తమించేసరికి ఆరూ నలభై దాటుతుంది, పగలు నలభై డిగ్రీల ఎండ తిన్న రాతి మెట్లు అప్పటికింకా చల్లారవు. పిల్లలను కూర్చోబెట్టే ముందు అరచేయి ఆనించి చూడాలి, పది సెకన్లు ఉంచలేకపోతే అక్కడ కూర్చోబెట్టకూడదు. పలచని దుప్పటి ఈ వేడిని ఆపదు. ఇంట్లో పాత చీరలతో కుట్టిన బొంత ఉంటే రెండు మడతలు వేసి పరిస్తే మెత్తగానూ ఉంటుంది, వేడీ తగలదు. నిద్ర వస్తే అదే పడక అవుతుంది, గాలి చల్లబడితే కప్పుకోవడానికీ అదే పనికొస్తుంది.

ముందు వరుసలో కూర్చుంటే బాగా కనిపిస్తుందన్న ఆశతో అక్కడికి పరుగెత్తవద్దు. వేదిక మీది దీపాలకు చేరే పురుగులన్నీ ముందు వరుసకే వస్తాయి, స్పీకర్లు కూడా అక్కడే ఉంటాయి. పెద్దల చెవులకు సరిపోయే శబ్దం పిల్లల చెవులకు ఎక్కువే. మెట్ల వరుసలున్న వేదికల్లో కింది నుంచి నాలుగైదు మెట్లు వదిలి, స్పీకరుకు ఎదురుగా కాకుండా, దారి పక్కన కూర్చుంటే ఎదుటివాళ్ల తలలు అడ్డం రావు, మధ్యలో లేవవలసి వస్తే ఎవరి మోకాళ్లూ దాటనవసరం లేదు. కూర్చోగానే చేయవలసిన మొదటి పని మూత్రశాల ఎక్కడుందో చూసి రావడం. విరామంలో అందరూ అటే వెళతారు కాబట్టి, పరదా లేచే ముందు ఒకసారి తీసుకువెళితే సగం చిక్కు తీరుతుంది.

చీకట్లో తినగలిగే తిండి

ఇక వంటింటి సంగతి. నాటకానికి తీసుకువెళ్లే తిండి రుచిగా ఉంటే చాలదు. చేతికి అంటకూడదు, కారకూడదు, నమిలితే పక్కవాళ్లకు వినిపించకూడదు, తొక్కలూ గింజలూ మిగలకూడదు, వాసన మూడు వరుసల దాకా పోకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, చీకట్లో చూడకుండా తిన్నా గొంతుకు అడ్డం పడకూడదు. ఈ కొలతకు పెట్టి చూస్తే మన పిండివంటల్లో సగం పక్కకు పోతాయి. సకినాలు, మురుకులు ఎంత ఇష్టమైనా కరకరలాడతాయి, వాటిని ప్రసంగాల సమయానికే పరిమితం చేయాలి. కొనుక్కొచ్చిన చిప్స్ పొట్లం గురించి చెప్పనే అక్కర్లేదు, చప్పుడు చేయడంలో దానికి సాటి లేదు.

సర్వపిండి ఈ పరీక్షలన్నిటిలో నెగ్గే వంటకం. అయితే ఇంట్లో పెద్దలకు చేసే కొలతతో కాకుండా కాస్త మార్చి చేయాలి. రెండు కప్పుల బియ్యప్పిండికి పావు కప్పు శనగపప్పును రెండు గంటలు నానబెట్టి, గింజలుగా వేయకుండా చేత్తో నలిపి వేయాలి. వేయించిన పల్లీలు పావు కప్పు తీసుకుని ముక్కలు మిగలకుండా పొడి చేసి కలపాలి. రెండు చెంచాల నువ్వులు, కొంచెం జీలకర్ర, సన్నగా తరిగిన కరివేపాకు, ఉప్పు, పిల్లల నోటికి తగినంత కారం వేసి, గోరువెచ్చని నీళ్లతో చపాతీ పిండి కన్నా మెత్తగా కలుపుకోవాలి. ఉల్లిపాయ, ఉల్లికాడ వేస్తే రుచి పెరుగుతుంది గాని తడి ఎక్కువై వేసవిలో త్వరగా పాడవుతుంది, అందుకే బయటకు తీసుకువెళ్లే రోజు నేను వేయను. లోతైన గిన్నెకు నూనె రాసి, పిండి ముద్దను అడుగుకూ అంచులకూ వేళ్లతో పలచగా అద్ది, అక్కడక్కడా వేలితో చిల్లులు పెట్టి, ప్రతి చిల్లులో ఒక చుక్క నూనె పోసి, మూతపెట్టి సన్నని సెగ మీద పది పన్నెండు నిమిషాలు ఉంచాలి. అంచులు గిన్నెను వదిలి లోపలికి ముడుచుకుంటే కాలినట్టు లెక్క. రెండోది అద్దే ముందు గిన్నె అడుగును నీళ్లతో చల్లార్చాలి, లేకపోతే పిండి వేళ్లకు అంటుకుని వస్తుంది, వేళ్లు కాలుతాయి. రెండు గిన్నెలు ఉంటే ఒకటి చల్లారేలోగా మరొకటి పొయ్యి మీద ఉంటుంది.

కాల్చడం కన్నా చల్లార్చడంలోనే అసలు మెలకువ ఉంది. వేడిమీద డబ్బాలో పెడితే లోపల ఆవిరి పట్టి, సాయంత్రానికి సర్వపిండి తోలులాగా సాగుతుంది. గుడ్డ మీద పరిచి పూర్తిగా ఆరనిచ్చి, కత్తెరతో రెండు వేళ్ల వెడల్పు ముక్కలుగా కత్తిరించి, గుడ్డలో చుట్టి పెట్టాలి. చిన్నపిల్లల కోసం మధ్యలోని మెత్తటి భాగాన్ని, మనకోసం కరకరలాడే అంచులను వేరువేరుగా కడితే చీకట్లో తడుముకునే పని ఉండదు. అంచుల కోసం పెద్దల మధ్య జరిగే తగవుకు మాత్రం నా దగ్గర మందు లేదు.

తీపి కావాలంటే పల్లీ లడ్డూను మించినది లేదు. రెండు కప్పుల పల్లీలు దోరగా వేయించి, పొట్టు తీసి, ముప్పావు కప్పు తురిమిన బెల్లంతో కలిపి మిక్సీలో ఆగి ఆగి తిప్పితే పల్లీల నూనెతోనే ముద్ద కడుతుంది. ఒక ఏలకుల గింజ పొడి చేసి వేసి, ఉసిరికాయంత ఉండలు చేయాలి. పల్లీలు, పుట్నాలు, జీడిపప్పు వంటివి పొడి చేయకుండా గింజలుగా ఐదేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదు. నవ్వుతూనో ఉలిక్కిపడుతూనో నములుతుంటే అవి గాలిగొట్టంలోకి పోయే ప్రమాదం ఉంది. నాటకంలో నవ్వడం, ఉలిక్కిపడడం రెండూ ఉంటాయి కాబట్టి ఈ జాగ్రత్త ఇంట్లో కన్నా అక్కడ ఎక్కువ అవసరం. అందుకే మరమరాల మిశ్రమంలో కూడా పుట్నాలను పొడి చేసి, కొంచెం ఉప్పు, చిటికెడు పసుపు, నెయ్యితో కలిపి మరమరాలకు పట్టిస్తాను. ద్రాక్షపళ్లు తీసుకువెళితే ఒక్కొక్కదాన్నీ నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. పల్లీలు పడని పిల్లలు కూడా ఉంటారు, పక్కన కూర్చున్న పిల్లలకు పెట్టే ముందు వాళ్ల అమ్మానాన్నలను అడగడం మరవకూడదు.

కడుపు నిండే తిండి విషయంలో మా ఇంట్లో చాలా కాలం వాదన నడిచింది. మా అత్తగారు పెరుగన్నం అన్నారు, నేను పులిహోర అన్నాను. మొదటి వేసవిలో ఆవిడ మాటే నెగ్గి, వేడన్నంలో పెరుగు కలిపి బిగుతుగా మూతపెట్టి తీసుకువెళ్లాము. మూడు గంటల తర్వాత మూత తీస్తే పులిసిన వాసనకు పిల్లలు ముక్కు మూసుకున్నారు. వండిన తడి వంటకాన్ని 32 డిగ్రీలు దాటిన వేడిలో గంటకు మించి బయట ఉంచకూడదన్నది ఆహార భద్రతలో అందరూ ఒప్పుకునే నియమం, మన మే నెల సాయంత్రాలు ఆ హద్దుకు పైనే ఉంటాయి. పెరుగన్నమే కావాలంటే అన్నం పూర్తిగా చల్లార్చి, ఎక్కువ పాలు, ఒక చెంచా పెరుగు కలిపి ఐస్ ముక్కలు పెట్టిన సంచిలో తీసుకువెళ్లి మొదటి గంటలోనే తినేయాలి. అంత హంగామా దేనికనుకుంటే, ఐదున్నరకు ఇంట్లోనే తినిపించి బయలుదేరడం సుఖం. చేతిలోకి మాత్రం నెయ్యి రాసి బెల్లం తురుము చల్లి చుట్టిన చపాతీలు చాలు. అవి రెండు చేతులా పట్టుకుని తింటారు, చప్పుడు ఉండదు, ముంజేతి దాకా కారదు. శనగల గుడాలు ఇష్టపడే ఇంట్లో వాటినీ ఇంటి దగ్గరే ముగించి రావాలి.

పండ్లలో అరటిపండు తప్ప ఏదీ సంచిలోకి ఎక్కకూడదని నా అభిప్రాయం. బంగినపల్లి ముక్కలు తీసుకువెళితే చీమలు మనకన్నా ముందు కూర్చుంటాయి. పుచ్చకాయ తిన్న అరగంటకు మూత్రశాల ప్రయాణం తప్పదు. ముంజలు బయలుదేరే ముందు తిని వెళ్లేవి. తాగడానికి మాత్రం లోటు చేయకూడదు. ఉప్పు వేసి బాగా పలచన చేసిన మజ్జిగ ఒక ఫ్లాస్కులో, మంచినీళ్లు మరో సీసాలో ఉండాలి. సబ్జా గింజలు వేసిన నిమ్మరసం కూడా బాగుంటుంది, గింజలు ఇరవై నిమిషాలు నాని పూర్తిగా ఉబ్బిన తర్వాతే ఇవ్వాలి. మూత్రానికి లేవవలసి వస్తుందని నీళ్లు ఇవ్వకుండా ఆపడం వేసవిలో పొరపాటు. ఒకేసారి గ్లాసుడు తాగించకుండా కొద్దికొద్దిగా తాగిస్తే రెండు ఇబ్బందులూ ఉండవు.

డబ్బా మూత కథ

పాత్రల ఎంపిక కూడా వంట అంత ముఖ్యమని మాకు తెలిసివచ్చింది ఇలా. ఒక సాయంత్రం వేదిక మీద తల్లి పాత్ర వేసిన నటి గొంతు తగ్గించి ఏడుస్తున్నారు, మైకులో ఆమె ఊపిరి వినిపిస్తోంది, మెట్ల మీద కూర్చున్న వందల మందిలో ఒక్కరూ కదలడం లేదు. సరిగ్గా అప్పుడు మా పెద్దవాడు బిగుసుకున్న స్టీలు డబ్బా మూతను రెండు చేతులా లాగాడు. అది ఊడి, రాతి మెట్టు మీద పడి, నిలువుగా లేచి, చక్రంలా ఒక్కో మెట్టూ దిగుతూ ఆరు మెట్లు మోగించి, చివరి మెట్టు మీద గుండ్రంగా తిరిగి తిరిగి, ఎంతకీ ఆగలేదు. ఆ నటి ఆపలేదు, అది ఆవిడ గొప్పతనం. తల ఎత్తడానికి మాకు మాత్రం పది నిమిషాలు పట్టింది.

ఆనాటి నుంచి మా సంచిలో లోహపు డబ్బా లేదు. పొడి తిండి గుడ్డ సంచుల్లోనే వెళుతుంది, లడ్డూల వంటివి మెత్తటి మూతలున్న డబ్బాల్లో పెట్టి, మూతలను పరదా లేవక ముందే వదులు చేసి ఉంచుతాము. వార్తాపత్రికల కాగితంలో పొట్లాలు కట్టవద్దు, అచ్చు సిరా తిండికి అంటుతుంది. ఆహార భద్రతా అధికారులు కూడా దీని గురించి హెచ్చరించారు. పైగా కాగితం నలిగే చప్పుడు చీకట్లో రెట్టింపుగా వినిపిస్తుంది.

తిండిని మూడు వంతులు చేసి, మొదటి వంతు ప్రసంగాలప్పుడు, రెండోది విరామంలో, మూడోది తిరుగు ప్రయాణంలో ఇస్తామని పిల్లలకు ముందే చెప్పాలి. నాటకం నడుస్తుండగా సంచి విప్పకూడదన్న నియమం మొదట కఠినంగా అనిపిస్తుంది గాని, చేతిలో తిండి ఉన్నంతసేపు పిల్లల చూపు వేదిక మీద నిలవదు. సంచిలో మిగిలిన చోటును ఒక తాటాకు విసనకర్ర, తడి గుడ్డ, ఒక జత బట్టలు, చెత్త వేసుకునే కవరు, ఒక ఓఆర్ఎస్ పొట్లం, చిన్న టార్చి నింపుతాయి. దోమల కోసం పొడుగు చేతుల నూలు బట్టలే మొదటి రక్ష. లేపనం రాస్తే పిల్లల అరచేతులకు మాత్రం రాయకూడదు, ఆ చేతులు నోట్లోకి వెళతాయి.

పరదా లేచాక

ప్రశ్నలు వస్తాయి, రానివ్వాలి. చెవిలో చెప్పే జవాబు ఒక్క వాక్యం దాటకుండా చూసుకుని, మిగిలినది ‘ఇంటికి వెళ్లాక’ అని వాయిదా వేయాలి, ఇంటికి వెళ్లాక నిజంగానే చెప్పాలి. ఘటోత్కచుడు అరుస్తూ ప్రవేశించినప్పుడు చిన్నపిల్లలు భయపడడం సహజం. అప్పుడు ‘భయమెందుకు’ అని నవ్వకుండా ఒళ్లోకి తీసుకుని, చెవులు మన చేతులతో మూసి, కళ్లు మాత్రం తెరిచి ఉంచనివ్వాలి. చప్పుడు తగ్గితే భయం సగం తగ్గుతుందని మా చిన్నదాని దగ్గర గమనించాను. అయినా ఏడుపు ఆగకపోతే మొహమాటపడకుండా బయటకు తీసుకువెళ్లాలి. రంగం మారి దీపాలు ఆరే క్షణంలో లేస్తే ఎవరికీ అడ్డం ఉండదు. నాటకం ముగిశాక అనుమతి అడిగి తెర వెనుకకు తీసుకువెళితే, కిరీటం పక్కన పెట్టి చాయ్ తాగుతున్న ఘటోత్కచుణ్ణి చూసిన పిల్ల మరునాటి నుంచి భయపడదు. కళాకారులు అలసి ఉంటారు కాబట్టి ఆ పలకరింపు రెండు నిమిషాలకు మించకూడదు. కళ్లల్లో పడే ఫ్లాష్‌తో ఫొటోలు తీయకూడదని కూడా పిల్లలకు ముందే నేర్పాలి.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉన్నట్టుండి ఈదురుగాలి లేచి, దుమ్ము రేగి, ఉరుములతో వాన పడడం మనకు కొత్త కాదు. దూరంగా ఉరుము వినిపించిందంటే నాటకం ఆపుతారా లేదా అని ఎదురుచూడకుండా సామాను సర్దుకోవాలి. చెట్ల కిందకు, హోర్డింగుల పక్కకు, గుడారాల కిందకు కాకుండా పక్కా భవనంలోకి చేరాలి. ఎక్కడ తలదాచుకోవాలో వచ్చీరాగానే చూసి పెట్టుకుంటే అప్పుడు తొందరలో పిల్లల చేతులు వదిలే పరిస్థితి రాదు. ‘తప్పిపోతే ఈ దీపస్తంభం దగ్గర నిలబడాలి’ అని ఒక గుర్తు చూపించి, మన ఫోన్ నంబరు రాసిన చీటీని చొక్కా జేబులో పెట్టడం కూడా అలవాటు చేసుకోవాలి.

తిరుగు ప్రయాణానికి మెట్రో ఉంటే సగం అలసట తప్పుతుంది. పబ్లిక్ గార్డెన్స్‌కు నాంపల్లి, అసెంబ్లీ స్టేషన్లు, శిల్పారామానికి హైటెక్ సిటీ స్టేషన్ దగ్గర. చివరి రైలు ఎన్ని గంటలకో వెళ్లేటప్పుడే చూసుకోవాలి, ఎందుకంటే ‘వన్స్‌మోర్’లు ఎక్కువైన రోజు నాటకం ఎప్పుడు ముగుస్తుందో నటులకే తెలియదు. మూడో వంతు తిండి రైలు ఎక్కే ముందే ముగించాలి, మెట్రోలో తినడానికి వీలులేదు. చిన్నవాళ్లు భుజాల మీద నిద్రపోతారు కాబట్టి పెద్దలు ఇద్దరుంటే ఒకరికి సంచి, ఒకరికి పిల్ల అని ముందే పంచుకోవాలి.

ఇంటికి చేరాక, రాత్రి ఎంత పొద్దుపోయినా, సంచిలో మిగిలిన తడి వంటకాలను మర్నాటికని దాచకుండా పారేయాలి. సర్వపిండి, లడ్డూలు పొడిగా ఉంటాయి కాబట్టి డబ్బాకెక్కించవచ్చు. బొంతను దులిపి, చీమలు లేవని చూసుకుని, ఉదయాన్నే మేడ మీద ఎండలో వేయాలి. మా ఇంట్లో అది ఎండకు చేరేసరికి మధ్యాహ్నమవుతుంది. అప్పటిదాకా అది రెండు కుర్చీల మధ్య పరదాగా వేలాడుతుంటుంది, దాని వెనుక నుంచి ఘటోత్కచుడు గొంతు సవరించుకుంటుంటాడు, ముందు కూర్చున్న మా అత్తగారు ‘వన్స్‌మోర్’ అంటుంటారు.